సున్నా ఎక్కడ ఉండాలి? స్పేస్ గేమ్‌లకు జాయ్‌స్టిక్, థ్రాటిల్ సెటప్

విమానాల గేమ్‌లలో చేయి తిరిగినవాళ్లు కూడా స్పేస్ గేమ్‌లోకి రాగానే కాసేపు తికమకపడతారు. అదే స్టిక్, వేగం పెంచి తగ్గించే అదే థ్రాటిల్. కానీ నౌక మాట వినదు. ఆపుదామంటే మెల్లగా వెనక్కి పోతూనే ఉంటుంది. స్టేషన్‌లో దిగే డాకింగ్ దగ్గర కొంచెం పక్కకు జరుపుదామంటే ముక్కు తిప్పేస్తుంది. దాంతో పరికరం మంచిది కాదనుకుని ఇంకా ఖరీదైనదాని కోసం వెతకడం మొదలుపెడతారు. తప్పు చాలాసార్లు పరికరంలో ఉండదు. విమానం కోసం పుట్టిన అమరికను గాలిలేని చోట ఉన్నదున్నట్టు వాడటంలో ఉంటుంది. ముఖ్యంగా, థ్రాటిల్ మీద సున్నా ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న చాలామందికి తట్టనే తట్టదు. బటన్ల జోలికి వెళ్లకముందే తేల్చుకోవాల్సింది అదే.

ముందు లెక్క చూద్దాం. విమానం నడిపేవారి చేతిలో ముఖ్యంగా నాలుగు విషయాలు ఉంటాయి. ముక్కును పైకి కిందికి కదిపే పిచ్, రెక్కలను వాల్చే రోల్, ముక్కును పక్కలకు తిప్పే యా, ఆపైన ఇంజిన్ శక్తి. మామూలు జాయ్‌స్టిక్, థ్రాటిల్ సెట్‌లో కూడా సరిగ్గా ఇవే ఉంటాయి. స్టిక్‌ను ముందుకు వెనక్కి, పక్కలకు వంచితే రెండు యాక్సిస్‌లు (కదలిక దిశలు), దాన్ని మెలితిప్పితే మూడోది, థ్రాటిల్ నాలుగోది. స్పేస్ గేమ్‌లో నౌకకు మూడు రకాల తిరగడంతో పాటు మూడు రకాల జరగడం కూడా ఉంది. ముందుకూ వెనక్కీ, ఎడమకూ కుడికీ, పైకీ కిందికీ. మొత్తం ఆరు. చేతిలో ఉన్నవి నాలుగు, కావాల్సినవి ఆరు. ఆ రెండింటి లోటు ఎలా పూడ్చాలన్నదే సెటప్‌లో సగం పని.

నిజమైన వ్యోమనౌకల్లో ఈ లోటు రాకుండా మొదటి నుంచే పని పంచారు. అపోలో కమాండ్ మాడ్యూల్‌లో ఎడమ చేతికి ఒక కంట్రోలర్, కుడి చేతికి ఇంకొకటి. ఎడమ చేతిది నౌకను జరపడానికి, కుడి చేతిది తిప్పడానికి. స్పేస్ షటిల్‌లోనూ ఇదే పంపకం కనిపిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది, ఎడమ చేతి కంట్రోలర్ కూడా వదిలేస్తే స్ప్రింగ్ బలంతో మధ్యకు వచ్చేస్తుంది. వదిలినచోట ఉండిపోయే థ్రాటిల్ అలా కాదు. అది ఫైటర్ విమానాల నుంచి వచ్చింది. ఇంజిన్‌ను ఒక స్థాయిలో పెట్టి గంటల తరబడి అలాగే ఉంచాల్సిన అవసరం దాని వెనక ఉంది. హోటాస్ (హ్యాండ్స్ ఆన్ థ్రాటిల్ అండ్ స్టిక్) అనే పేరు కూడా అక్కడిదే. కీలకమైన స్విచ్‌లన్నీ థ్రాటిల్, స్టిక్‌ల మీదే ఉండాలి, పైలట్ చేతులు వాటిని వదలకూడదు అన్నది దాని ఉద్దేశం.

అందుకే స్పేస్ గేమర్లలో ఒక వర్గం థ్రాటిల్‌ను పక్కన పెట్టి ఎడమ చేతికీ ఇంకో స్టిక్ తగిలించుకుంది. దీన్ని హోసాస్ (హ్యాండ్స్ ఆన్ స్టిక్ అండ్ స్టిక్) అంటారు. నౌకను ఆరు వైపులా నిరంతరం కదుపుతూ పోరాడేవారికి అదే మెరుగు, అందులో సందేహం లేదు. కానీ థ్రాటిల్ కొన్నవాళ్లు అది వృథా అయిందని బాధపడక్కర్లేదు. ఎలీట్ డేంజరస్ లాంటి గేమ్‌లో సరుకు మోస్తూ, కొత్త నక్షత్రాలు వెతుకుతూ గడిపేవారికి పెట్టినచోట ఉండే థ్రాటిల్ చాలా హాయి. వేగం ఒకచోట పెట్టి చేయి తీసేసి మ్యాప్ చూసుకోవచ్చు. స్ప్రింగ్ ఉన్న స్టిక్‌తో ఆ పని చేయాలంటే వేగాన్ని నిలిపి ఉంచడానికి వేరే బటన్ పెట్టుకోవాలి. ఏ గేమ్, ఎలాంటి ఆట అన్నదాన్ని బట్టే ఏది మంచిదో తేలుతుంది.

ఇప్పుడు సున్నా సంగతి. థ్రాటిల్‌ను పూర్తిగా వెనక్కి లాగితే విమానంలో ఇంజిన్ ఐడిల్‌లోకి, అంటే కనీస శక్తికి, వస్తుంది. స్పేస్ గేమ్‌లో నౌకకు రివర్స్ కూడా ఉంటుంది కాబట్టి గేమ్‌కు రెండు దారులున్నాయి. ఒకటి, థ్రాటిల్ చివరను సున్నాగా తీసుకుని మొత్తం పొడవును ముందుకు వెళ్లడానికే ఇవ్వడం. రెండు, మధ్యను సున్నా చేసి, పై సగం ముందుకు, కింది సగం వెనక్కి పంచడం. ఎలీట్ డేంజరస్‌లో కంట్రోల్స్ సెట్టింగ్స్‌లోనే థ్రాటిల్ యాక్సిస్ రేంజ్ అని ఈ రెండూ కనిపిస్తాయి. ఫుల్ రేంజ్ ఒకటి, ఫార్వర్డ్ ఓన్లీ ఇంకొకటి.

ఫుల్ రేంజ్ చూడగానే సహజంగా అనిపిస్తుంది. బటన్ అక్కర్లేదు, వెనక్కి లాగితే వెనక్కి పోతుంది. చిక్కంతా మధ్యలోనే. థ్రాటిల్ మధ్యలో చేతికి తెలిసే చిన్న గాడి లేకపోతే సున్నా ఎక్కడుందో కన్ను తిప్పి స్క్రీన్ మీద చూసుకోవాల్సిందే. ఆగామనుకున్న నౌక నిమిషం తర్వాత చూస్తే కొన్ని మీటర్లు జరిగి ఉంటుంది. స్టేషన్ లోపల, ప్యాడ్ మీద, నౌక అంగుళం అంగుళం వెనక్కి జరుగుతుంటే ల్యాండింగ్ ఎందుకు పడటం లేదో అర్థం కాక కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. థ్రాటిల్ సున్నా దగ్గర లేకపోవడమే కారణం.

చేతి దూరం లెక్క కూడా ఉంది. ఎలీట్‌లో నౌక బాగా మలుపు తిరిగేది థ్రాటిల్ గేజ్ మీద నీలంగా కనిపించే భాగంలో వేగం ఉన్నప్పుడు. దాని మధ్యభాగం ముందుకు వెళ్లే వేగంలో దాదాపు 50 శాతం. ఫార్వర్డ్ ఓన్లీలో అది థ్రాటిల్‌కు సరిగ్గా మధ్యలో వస్తుంది. ఫుల్ రేంజ్‌లో అదే స్థానం కింది నుంచి 75 శాతం ఎత్తుకు జరుగుతుంది, పైగా నీలం భాగం పొడవు చేతి కింద సగమైపోతుంది. నక్షత్ర వ్యవస్థ లోపల పెద్ద దూరాలు వేగంగా దాటే సూపర్‌క్రూజ్‌లో గమ్యం 7 సెకన్ల దూరంలో ఉందనగా వేగాన్ని 75 శాతానికి తెచ్చి వదిలేయడం ఆ గేమ్‌లో అందరికీ అలవాటు. ఫుల్ రేంజ్‌లో ఆ 75 శాతం చేతి లెక్కలో 87.5 శాతం దగ్గర ఉంటుంది. పై చివరకు అంత దగ్గరలో సన్నగా సర్దడం కష్టం. సెన్సార్‌కు ఇందులో ఇబ్బందేమీ లేదు. కదలికను 1024 మెట్లుగా గుర్తించే సాధారణ థ్రాటిల్‌లో సగం ఇచ్చినా 512 మెట్లు మిగులుతాయి. తగ్గేది చేతికి దొరికే దూరమే.

కాబట్టి మధ్యలో గాడి లేని థ్రాటిల్ ఉన్నవారికి ఫార్వర్డ్ ఓన్లీ పెట్టి, రివర్స్‌ను ఎడమ చేతి వేలికి అందే బటన్ మీద పెట్టుకోవడమే మంచిది. లాగితే చివర తగులుతుంది, అదే సున్నా. చూడక్కర్లేదు, అనుమానం ఉండదు. గాడి ఉన్న థ్రాటిల్ అయితే ఫుల్ రేంజ్ ధైర్యంగా పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా గాడి దగ్గర గేమ్ చూపించే విలువ నిజంగా సున్నానో కాదో సరిచూసుకుని, దాని చుట్టూ కొద్దిగా డెడ్‌జోన్, అంటే గేమ్ పట్టించుకోని చిన్న జాగా, ఇవ్వాలి. చాలా థ్రాటిల్స్‌లో గాడి ఉన్న చోటు, సెన్సార్ మధ్యబిందువు ఒకేచోట కలవవు.

స్టార్ సిటిజన్ అనే ఇంకో స్పేస్ గేమ్‌లో ఈ చర్చ కొంచెం వేరే దారి పడుతుంది. అక్కడ కపుల్డ్ మోడ్‌లో థ్రాటిల్ ఇంత వేగం కావాలని అడుగుతుంది. నౌక కంప్యూటర్ ఆ వేగానికి తెచ్చి నిలబెడుతుంది. డీకపుల్డ్‌లో కంప్యూటర్ ఆ పని మానేస్తుంది, తెచ్చుకున్న వేగం అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఎడమ చేతికి కావాల్సింది ముందుకు తోయడం, వెనక్కి తోయడం. వదిలేస్తే తోయడం ఆగాలి. పెట్టినచోట ఉండే థ్రాటిల్ దానికి సరిపడదు, అపోలో వారు స్ప్రింగ్ ఎందుకు పెట్టారో ఇక్కడ చేతికే తెలుస్తుంది.

జరగడానికి కావాల్సిన మిగతా రెండు యాక్సిస్‌లు ఎక్కడి నుంచి తేవాలి? ఎక్కువమంది స్టిక్ మీదో థ్రాటిల్ మీదో ఉన్న, బొటనవేలితో నాలుగు వైపులా నొక్కే హ్యాట్ స్విచ్‌కు ఎడమ, కుడి, పైకి, కిందికి ఇచ్చేస్తారు. పని జరుగుతుంది. కానీ హ్యాట్ నొక్కితే పూర్తి బలం, వదిలితే ఏమీ లేదు, మధ్యలో ఇంకోటి లేదు. పోరాటంలో తప్పించుకోవడానికి అది చాలు. ప్యాడ్ మీద దిగేటప్పుడు మాత్రం నౌక కుదుపులతో దిగుతుంది. బొటనవేలి కింద, ఎంత కదిపితే అంత బలం ఇచ్చే చిన్న అనలాగ్ స్టిక్ ఉంటే దాన్ని వెంటనే ఈ పనికి పెట్టాలి. థ్రస్ట్‌మాస్టర్ టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్‌లో అలాంటిది ఒకటి ఉంది, దానితో పాటు వేళ్లతో అటూ ఇటూ నొక్కే రాకర్ కూడా ఒక యాక్సిసే. ఆ రాకర్‌ను పక్కకు జరగడానికి ఇచ్చి, మినీ స్టిక్ నిలువు దిశను పైకి కిందికి జరగడానికి ఇస్తే ఒక్క థ్రాటిల్‌తోనే ఎడమ చేతికి మూడు జరుగుళ్లూ దక్కుతాయి. కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ ఉంటే ఇంకో యాక్సిస్ ఖాళీ అవుతుంది. ఎలీట్‌లో ల్యాండింగ్ ఓవర్‌రైడ్స్ అని ఒక విభాగం ఉంది, గేర్ దించినప్పుడు మాత్రమే పనిచేసే వేరే అమరిక అది. యాక్సిస్‌లు తక్కువగా ఉన్నవారు దాన్ని తప్పక వాడుకోవాలి.

స్టిక్‌ను పక్కకు వంచితే ఏం జరగాలి, రోలా, యానా? దీని మీద వాదనలు ఎప్పటికీ తెగవు, కానీ తేల్చుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. గేమ్‌లో నౌక ఏ వైపు వేగంగా తిరుగుతుందో చూడాలి. ఎలీట్‌లో యా కావాలనే నెమ్మదిగా ఉంటుంది. శత్రువు పక్కకు వెళ్తే ముందు రోల్ చేసి, వాణ్ణి నెత్తి మీదకు తెచ్చుకుని, పిచ్‌తో లాగాలి. అలాంటప్పుడు రోల్, పిచ్ రెండూ బలంగా ఉండే స్టిక్ వంపుల మీదే ఉండాలి, యా మెలితిప్పుడుకు పోవచ్చు. తిరిగే స్టేషన్ ద్వారంలోకి దూరేటప్పుడూ దానితో పాటు తిరగడానికి రోల్ సన్నగా చేతిలో ఉండాలి. యా, పిచ్ రెండూ ఒకే జోరుగా ఉన్న గేమ్‌లో గురి పెట్టడానికి యానే వంపు మీద ఉంటే సుఖం, రోల్ మెలితిప్పుడుకు పంపొచ్చు. ఒక గేమ్ అలవాటును ఇంకో గేమ్‌లోకి మోసుకెళ్లకుండా ఉండటం ముఖ్యం.

మెలితిప్పే స్టిక్‌తో ఒక తలనొప్పి ఉంది. గట్టిగా పక్కకు లాగినప్పుడు తెలియకుండానే మణికట్టు కొంచెం తిరుగుతుంది, గురి చెదురుతుంది. చేతి తప్పని బాధపడే బదులు మెలితిప్పుడు యాక్సిస్‌కు మిగతావాటికన్నా పెద్ద డెడ్‌జోన్ ఇస్తే చాలావరకు పోతుంది.

 డెడ్‌జోన్ ఎంత ఇవ్వాలో ఊహతో కాకుండా చూసి నిర్ణయించాలి. విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొడితే గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో ప్రాపర్టీస్ తెరిస్తే స్టిక్ స్థానం చిన్న ప్లస్ గుర్తుగా కనిపిస్తుంది. స్టిక్‌ను ఒక మూలకు లాగి వదలాలి, ఆ గుర్తు ఎక్కడ ఆగిందో చూడాలి. ఎదురు మూలకు లాగి మళ్లీ వదలాలి. రెండుసార్లూ ఒకేచోటికి రాకపోతే ఆ తేడా అంతా డెడ్‌జోన్‌లో పడాలి. చేయి తీసేశాక కూడా గుర్తు వణుకుతుంటే ఆ వణుకునూ కలుపుకోవాలి. ఉదాహరణకు 1024 మెట్ల యాక్సిస్‌లో మధ్య విలువ అటూ ఇటూ 7 మెట్లు ఆడుతోందనుకుందాం. సగం పొడవు 512 కాబట్టి అది 1.4 శాతం. 2 శాతం డెడ్‌జోన్ సరిపోతుంది. 10 శాతం పెట్టేస్తే వణుకు పోతుంది కానీ దానితో పాటు సన్నగా గురి పెట్టే జాగా కూడా పోతుంది.

ఈ వణుకుకు మూలం సెన్సార్‌లోనే ఉంది. పాత తరహా పొటెన్షియోమీటర్‌లో ఒక లోహపు ముల్లు కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. వాడేకొద్దీ పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది, విలువ ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. హాల్ ఎఫెక్ట్ సెన్సార్‌లో తాకిడి ఉండదు. కదిలే అయస్కాంతపు క్షేత్రాన్ని సెన్సార్ కొలుస్తుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రమే ఇది. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం స్టిక్‌లో వంపుల యాక్సిస్‌లకు ఇలాంటి సెన్సార్లే ఉన్నాయి, 14 బిట్ల ఖచ్చితత్వంతో, అంటే ఒక్కో యాక్సిస్‌కు మొత్తం 16384 మెట్లతో. అందుకే దానికి డెడ్‌జోన్ దాదాపు అక్కర్లేదు. అదే స్టిక్‌ను ఎడమ చేతివారూ కుడి చేతివారూ భాగాలు మార్చుకుని వాడుకోవచ్చు కూడా. జంట స్టిక్‌లు పెట్టుకునేవారు దాన్ని ఎంచుకోవడానికి అదో కారణం.

సెన్సార్‌లోని ఆ చిన్న లోపం ఎంత దూరం పోతుందో, నౌకను కంప్యూటర్ నిలకడగా ఉంచే ఫ్లైట్ అసిస్ట్‌ను తీసేసినప్పుడు బాగా తెలుస్తుంది. అసిస్ట్ ఉన్నప్పుడు స్టిక్ వంపు అంటే నౌక ఎంత వేగంగా తిరగాలో చెప్పే మాట. సెకనుకు 30 డిగ్రీలు తిరిగే నౌకలో 1 శాతం తప్పు ఉంటే సెకనుకు 0.3 డిగ్రీలు, నిమిషానికి 18 డిగ్రీలు తిరుగుతుంది. చిరాకే, కానీ ఆ వేగం పెరగదు. అసిస్ట్ తీసేస్తే స్టిక్ వంపు తిరిగే వేగాన్ని కాకుండా తిప్పే బలాన్ని ఇస్తుంది. స్టిక్ మధ్యకు తెచ్చినా నౌక తిరుగుతూనే ఉంటుంది, ఆపాలంటే ఎదురు వైపు అంతే బలం ఇవ్వాలి. అప్పుడు 1 శాతం తప్పు క్షణక్షణానికీ పోగవుతుంది. అసిస్ట్ లేకుండా నేర్చుకోవాలనుకునేవారు ముందు డెడ్‌జోన్‌ను సరిచేసుకోకపోతే, నౌక తమ చేతి వల్ల తిరుగుతోందో సెన్సార్ వల్ల తిరుగుతోందో ఎప్పటికీ తేల్చుకోలేరు.

కర్వ్ సంగతి చెప్పుకోవాలి. మధ్యకు దగ్గరలో స్టిక్‌ను మెత్తగా, చివర్లలో పదునుగా చేసేదే కర్వ్. సగం తిన్నటి గీత, సగం ఘనపు (x³) గీత కలిపిన కర్వ్ తీసుకుంటే, స్టిక్‌ను 20 శాతం వంచినప్పుడు గేమ్‌కు చేరేది దాదాపు 10 శాతం, 50 శాతం వంచితే 31 శాతం, పూర్తిగా వంచితే మాత్రం పూర్తిగా 100. గురికి ఇది వరమే. అయితే పొట్టి స్టిక్‌కు ఎక్కువ, పొడవాటి స్టిక్‌కు తక్కువ కావాలి. అసిస్ట్ లేకుండా నడిపేవారు కర్వ్ బాగా తగ్గించుకుంటేనే ఎంత బలం ఇచ్చామో చేతికి గుర్తుంటుంది. థ్రాటిల్‌కు కర్వ్ అసలు వద్దు. స్టార్ సిటిజన్‌లో కర్వ్ గేమ్ లోపలే మార్చుకోవచ్చు. ఎలీట్‌లో డెడ్‌జోన్ మాత్రమే ఉంటుంది, కర్వ్ కావాలంటే పరికరం తాలూకు సాఫ్ట్‌వేర్‌లోనో, జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లోనో పెట్టుకోవాలి. రెండు చోట్లా పెడితే కర్వ్ మీద కర్వ్ పడి స్టిక్ మధ్యలో మొద్దుగా, చివర్లో పిచ్చిగా తయారవుతుంది.

జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అది అసలు స్టిక్ నుంచి చదివి వీజాయ్ అనే ఉత్తుత్తి స్టిక్ ద్వారా గేమ్‌కు పంపుతుంది. గేమ్‌కు రెండూ కనిపిస్తాయి, ఒక్క కదలికకు రెండు ఆదేశాలు అందుతాయి. అసలు స్టిక్‌ను గేమ్ కంటపడకుండా దాచడానికి హిడ్‌హైడ్ అనే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంది. గేమ్‌లు అమ్మే స్టీమ్ ద్వారా ఆడేవారు ఆ గేమ్‌కు స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయడం కూడా మరవకూడదు. అది ఆన్‌లో ఉంటే జాయ్‌స్టిక్‌ను గేమ్‌ప్యాడ్‌లా చూపించి యాక్సిస్‌లను కలగాపులగం చేయగలదు. సెటప్ అంతా సరిగ్గా ఉండి కూడా నౌక వింతగా ప్రవర్తిస్తుంటే మొదట చూడాల్సింది ఈ రెండే.

బటన్ల దగ్గర చాలామంది గేమ్ ఇచ్చిన జాబితా పై నుంచి కిందికి నింపుకుంటూ పోతారు. అలా కాకుండా, ఏ క్షణంలో ఏ వేలు ఖాళీగా ఉంటుందో ఆలోచించాలి. మిసైల్ వెంటపడినప్పుడు స్టిక్ గట్టిగా లాగి ఉంటుంది, థ్రాటిల్ చేయి పక్కకు నెడుతుంటుంది. అప్పుడు కూడా చేతి పట్టు సడలకుండా అందే బటన్ మీదే దాన్ని తప్పుదారి పట్టించే చాఫ్, ఫ్లేర్ లాంటివి ఉండాలి. ఎలీట్‌లో కవచానికి, ఇంజిన్‌కు, ఆయుధాలకు శక్తి పంచే పని పోరాటం మధ్యలో పదే పదే వస్తుంది కాబట్టి దానికి ఒక పూర్తి హ్యాట్ ఇవ్వాల్సిందే. గేర్, లైట్లు, సరుకు తలుపు బేస్ మీదో కీబోర్డ్ మీదో ఉన్నా ఫర్వాలేదు. చిటికెన వేలి బటన్‌ను షిఫ్ట్‌లా వాడితే ఉన్న బటన్లన్నీ రెట్టింపవుతాయి, కానీ ప్రాణం మీదకు వచ్చినప్పుడు వాడేవి షిఫ్ట్ వెనక దాచకూడదు. నౌక వదిలి దూకే బటన్, సరుకు పారేసే బటన్ జాయ్‌స్టిక్ మీద అసలు పెట్టకపోవడమే క్షేమం.

కుర్చీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, మాట్లాడాలి. టేబుల్ మీద పెట్టిన స్టిక్ కోసం భుజం పైకి లేచి ఉంటే గంటలోనే నొప్పి పుడుతుంది, ఆ నొప్పితోనే చేయి వణుకుతుంది. మోచేయి ఆనించినప్పుడు ముంజేయి నేలకు సమాంతరంగా ఉండే ఎత్తులో స్టిక్ ఉండాలి. తేలికపాటి బేస్ అయితే గట్టిగా లాగినప్పుడల్లా జరుగుతుంది, దాన్ని బిగించకుండా కర్వ్‌లు సర్దుకోవడం దండగ.

సెట్టింగ్స్ అన్నీ కుదిరాక ఆ ఫైళ్లను వేరేచోట కాపీ చేసి పెట్టుకోవడం ఎంతైనా అవసరం. ఎలీట్ వాటిని విండోస్ లోకల్ యాప్‌డేటాలోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ ఫోల్డర్ లోపల, బైండింగ్స్ అనే ఫోల్డర్‌లో దాస్తుంది. థ్రాటిల్ యూఎస్‌బీ ఊడి ఉండగా గేమ్ తెరిస్తే మీ అమరిక లోడ్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. స్టార్ సిటిజన్‌లో అమరికను ఎగుమతి చేసుకునే సౌకర్యం సెట్టింగ్స్‌లోనే ఉంది, ప్రతి పెద్ద అప్‌డేట్‌కు ముందు అది వాడుకోవాలి. రెండు పరికరాలున్నవారికి అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. యూఎస్‌బీ పోర్ట్ మారినా, విండోస్ వాటిని వేరే వరుసలో గుర్తించినా, ఒకటో నంబర్ స్టిక్ రెండోదవుతుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే ఏదో లైటు వెలుగుతుంది, థ్రాటిల్ ముందుకు తోస్తే ముక్కు కిందికి దిగుతుంది. అమరిక చెడిపోయిందనుకుని మొదటి నుంచి మళ్లీ చేయక్కర్లేదు. గేమ్ లోపల కమాండ్లు టైప్ చేసే కన్సోల్‌లో పరికరాల వరుస మార్చే కమాండ్ ఒకటి ఉంది, దానితో రెండింటి నంబర్లు తారుమారు చేస్తే పాత అమరిక మళ్లీ పనిచేస్తుంది. అంతకన్నా తేలికైన జాగ్రత్త, ఏ పరికరం ఏ పోర్ట్‌లో ఉండాలో ఒకసారి నిర్ణయించి, రెండు తీగలకూ చీటీ అంటించి, మళ్లీ అవే పోర్ట్‌లలో పెట్టడం.